ఒంటికి పడే పట్టీ: ఆన్‌లైన్ థెరపీ సెన్సర్లకు పదార్థాలు ఎంచుకునే విధానం

ఆవిడ మణికట్టు మీద రెండు ఎర్రటి చతురస్రాలు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. ఒకటి రెండోదానికంటే ముదురుగా ఉంది, అంచుల్లో సన్నటి నీటి పొక్కులున్నాయి. వీడియోలో కౌన్సెలింగ్ తీసుకుంటున్న ఆవిడకు, ఆందోళన పెరిగినప్పుడు చర్మ వాహకత, అంటే చర్మం గుండా కరెంటు ఎంత సులువుగా పోతుందన్నది, ఎలా మారుతోందో చూసుకోవడానికి మేం తయారుచేసిన పట్టీ పంపాం. మూడు వారాలుగా పెట్టుకుంటున్నారు. రెండో వారం చివర్లోనే దురద మొదలైందట. ఆవిడ చెప్పలేదు, కౌన్సెలర్ అడగలేదు. కెమెరాలో ముఖం కనిపిస్తుంది గానీ మణికట్టు కనిపించదు కదా. "కాస్త ఓర్చుకుంటేనే పని చేస్తుందేమో అనుకున్నాను" అన్నారు ఆవిడ తర్వాత.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అదే పరికరం క్లినిక్‌లో వాడి ఉంటే మొదటి ఎరుపు కనపడగానే ఎవరో ఒకరు తీసేసేవారు. ఆన్‌లైన్ థెరపీలో పరికరం మనిషితో ఒంటరిగా ఉంటుంది. పైగా దాన్ని పెట్టుకునేది మనసు బాగా లేక సాయం కోరి వచ్చిన మనిషి. తన బాధను చిన్నది చేసి చూసుకునే అలవాటు వారిలో చాలామందికి ఉంటుంది. అందుకే పక్కన ఎవరూ లేకపోయినా హాని చేయని పదార్థాలే ఇక్కడ వాడాలి.

ఈ మార్గదర్శి శ్వాస, గుండె లయ, చర్మ వాహకత, కండరాల బిగువు కొలిచే చిన్న సెన్సర్లు తయారుచేసేవారికీ, బయట చేయించుకునేవారికీ, కొనేముందు తయారీదారుని ఏమడగాలో తెలుసుకోవాలనుకునే థెరపిస్టులకూ. ఇందులో అన్ని మెట్లకూ ఆధారం ఒకటే నియమం: చర్మాన్ని తాకే భాగం, లెక్కలు చేసే భాగం విడిగా ఉండాలి, సులభంగా ఊడిరావాలి. తాకే భాగంలో పట్టీ ఎవరికి వారికి కొత్తది. లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రం ఏళ్ల తరబడి చేతులు మారుతూ పనిచేయాలి. ఒంటికి భద్రత, పర్యావరణానికి మేలు అని రెండు వేర్వేరు పనులుగా చూసినన్నాళ్లూ నేను తికమకపడ్డాను. ఈ ఒక్క విభజనతో చాలావరకు రెండూ కుదిరిపోయాయి.

మొదటి మెట్టు: ఏది ఎక్కడ తాకుతుందో పటం గీయండి

పదార్థాల జాబితా తరువాత. ముందు కాగితం మీద మీ పరికరాన్ని అడ్డంగా కోసినట్టు బొమ్మ గీయండి. చర్మాన్ని నేరుగా తాకేవాటికి ఎరుపు, చెమట కారి చేరగలిగే చోట్లకు పసుపు, పూర్తిగా మూసుకుపోయినవాటికి ఆకుపచ్చ వేయండి. చాలామంది ఎలక్ట్రోడ్లకే, అంటే ఒంటి నుంచి సంకేతం అందుకునే ప్యాడ్‌లకే, ఎరుపు వేసి ఊరుకుంటారు. బకిల్, ఛార్జింగ్ పిన్నులు, వెనుక మూత, లైటు బయటికి వచ్చే కిటికీ, ఆ కిటికీ చుట్టూ ఉన్న జిగురు గీత అన్నీ ఎరుపే. జిగురు గీతను మరిచిపోవద్దు, దాని సంగతి తర్వాత చెప్తాను.

తరువాత ప్రతి ఎరుపు చోటు పక్కనా ఎంతసేపు తాకుతుందో రాయండి. వైద్య పరికరాల జీవభద్రతకు ప్రపంచమంతా చూసే ప్రమాణం ఐఎస్ఓ 10993. అందులో తాకే కాలాన్ని మూడుగా విడగొట్టారు: 24 గంటల లోపు, 24 గంటల నుంచి 30 రోజుల వరకు, 30 రోజులకు పైన. రోజుకు అరగంటే పెట్టుకుంటారు కాబట్టి మొదటి వర్గం అనుకుంటే పొరపాటు. పదే పదే వాడే పరికరానికి మొత్తం వాడకాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మూడు నెలల థెరపీకి ఇచ్చే పట్టీని దీర్ఘకాలం తాకే వస్తువుగానే చూడండి. చెక్కుచెదరని చర్మం మీద పెట్టేవాటికి ఈ ప్రమాణంలో ముఖ్యంగా మూడు పరీక్షలు: కణాలకు విషమా కాదా అన్నది 5వ భాగం, ఎలర్జీ పుట్టిస్తుందా అన్నది 10వ భాగం, మంట పుట్టిస్తుందా అన్నది 23వ భాగం. మీ దగ్గర ల్యాబ్ లేకపోయినా ఫర్వాలేదు. ముడిసరుకు అమ్మేవారిని ఈ మూడు నివేదికలూ అడగండి. నిజంగా వైద్య శ్రేణి సరుకైతే పంపుతారు. "స్కిన్ సేఫ్" అని పెట్టె మీద అచ్చు వేసి, నివేదిక అడిగితే మాట మార్చేవారి దగ్గర కొనకండి.

"చెక్కుచెదరని చర్మం" అన్నాను కదా, అక్కడ ఒక్క క్షణం ఆగుదాం. థెరపీకి వచ్చేవారిలో కొందరి మణికట్ల మీద గాయాలుండవచ్చు, మానుతున్న మచ్చలుండవచ్చు, ఒత్తిడితో గోకి గోకి పుండైన చర్మం ఉండవచ్చు, ఎగ్జిమా ఉండవచ్చు. అలాంటి చర్మం మీద ఈ పట్టీలు పెట్టకూడదు. పెట్టలేని కారణాన్ని నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం కూడా వారికి రాకూడదు. అందుకే అదే సెన్సర్‌ను వేలికి, పైచేతికి, ఛాతీకి మార్చి పెట్టుకునే వీలు మొదటి బొమ్మలోనే ఉండాలి. "మీకు ఏ చోటు సౌకర్యం?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపోవాలి.

రెండో మెట్టు: లోహాలు, ముఖ్యంగా నికెల్

ఆ రెండు చతురస్రాలకు కారణం బంగారం కింద దాక్కున్న నికెల్. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు ఎనిగ్ అనే పూత వేస్తారు. రాగి మీద 3 నుంచి 6 మైక్రాన్ల నికెల్, దాని మీద సుమారు 0.05 నుంచి 0.1 మైక్రాన్ల బంగారం. సోల్డర్, అంటే భాగాలను బోర్డుకు అతికించే కరిగే లోహం, అంటుకోవడానికి అది చక్కటి పూత. కానీ అంత పల్చటి బంగారంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, రాపిడికి అది అరిగిపోతుంది. చెమటలోని ఉప్పు కిందికి దిగి నికెల్‌ను కరిగిస్తుంది. పైగా చర్మ వాహకత కొలవడానికి మేం రెండు ప్యాడ్‌ల మధ్య 0.5 వోల్టుల డీసీ ఇచ్చాం. కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో పోతుంటే ధన ధ్రువం వైపు లోహం ఇంకా వేగంగా అయాన్లుగా విడిపోతుంది. రెండు మచ్చల్లో ఒకటి ముదురుగా ఎందుకుందో బోర్డు తిరగేసి ధ్రువాలు చూసుకున్నాక అర్థమైంది.

నికెల్ చర్మానికి ఎలర్జీ కలిగించేవాటిలో ప్రపంచంలో అన్నిటికంటే సాధారణమైనది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే జీవితాంతం పడదు. రీచ్ అనే యూరప్ రసాయన నిబంధనల ప్రకారం చర్మాన్ని ఎక్కువసేపు తాకే వస్తువులోంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు. గమనించండి, లోహంలో ఎంత నికెల్ ఉందన్నది కాదు, ఎంత బయటికి వస్తోందన్నదే లెక్క. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 10 నుంచి 14 శాతం నికెల్ ఉన్నా పైన క్రోమియం ఆక్సైడ్ పొర కాపు కాస్తుంది కాబట్టి విడుదల చాలా తక్కువ. ఎనిగ్‌లో ఆ కాపు లేదు.

ఇంట్లో చేయగలిగే పరీక్ష ఒకటుంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ కిట్ కొనండి. రెండు చిన్న సీసాలుంటాయి, ఒకదాంట్లో అమోనియా ద్రావణం. దూది పుల్ల చివర రెండింటి నుంచీ రెండేసి చుక్కలు వేసి, లోహం మీద అరనిమిషం గట్టిగా రుద్దండి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ వస్తోందని అర్థం. చేతికి గ్లౌజులు వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి. మేం పెట్టెలోంచి తీసిన కొత్త ప్యాడ్ మీద రుద్దితే దూది తెల్లగానే ఉంది. ఆవిడ పట్టీ మీద రుద్దితే పుల్ల అంచు గులాబీ అయింది. కాబట్టి కొత్త వస్తువును మాత్రమే పరీక్షించి నిశ్చింతగా ఉండకండి. ముందు కృత్రిమ చెమటలో నానబెట్టండి. ఈఎన్ 1811 అనే ప్రమాణం వాడే చెమట తయారుచేయడం కష్టం కాదు: శుద్ధజలంలో 0.5 శాతం ఉప్పు, 0.1 శాతం యూరియా, 0.1 శాతం లాక్టిక్ ఆమ్లం, పీహెచ్ 6.5. అందులో 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారం రోజులు ఉంచండి. తీసి, బట్టతో ఓ వందసార్లు రుద్ది, అప్పుడు పరీక్షించండి. ఇది అధికారిక కొలతకు సాటి రాదు. దూది రంగు మారకపోయినంత మాత్రాన లోహానికి క్లీన్ చిట్ ఇచ్చినట్టు కాదు. రంగు మారితే మాత్రం ఆ లోహాన్ని పక్కన పెట్టేయవచ్చు.

మరి ఏం వాడాలి? బకిల్‌కి, వెనుక మూతకు టైటానియం అన్నిటికంటే మేలు, తరువాత 316ఎల్ స్టీల్. చర్మ వాహకతకూ గుండె సంకేతాలకూ సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్లు. వీటిని వాడేది భద్రత కోసం మాత్రమే కాదు, డీసీ కింద వట్టి లోహం మీద విద్యుదావేశం పేరుకుని కొలత పాడవుతుంది, ఇవి స్థిరంగా ఉంటాయి. గుళికల్లాగా ఒత్తి చేసినవి కడిగి మళ్లీ మళ్లీ వాడవచ్చు. ఒక్కసారి వాడి పారేసే జెల్ ప్యాచ్‌ల కన్నా చెత్త ఎంతో తక్కువ. లోహమే వద్దనుకుంటే కార్బన్ కలిపిన సిలికోన్ ఉంది. నిరోధం ఎక్కువ కాబట్టి సర్క్యూట్ ముందు దశను దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

వెండి పూత పూసిన నైలాన్ బట్ట గురించి ఒక మాట. మెత్తగా ఉంటుంది, కొలత బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ప్రతి ఉతుకులో కొంత వెండి నీళ్లలోకి పోతుంది, అది నీటిలోని జీవాలకు విషం. బ్లీచ్ తగిలితే పూతే పాడవుతుంది. వాడితే ఉతకాల్సిన పట్టీ మొత్తానికి కాకుండా చిన్న ముక్కగా, ఊడదీసి తడిబట్టతో తుడుచుకునేలా వాడండి.

మూడో మెట్టు: మెత్తటి భాగాలు

పట్టీకి మూడు దారులు: సిలికోన్, టీపీయూ (సాగే ఒక రకం ప్లాస్టిక్), బట్ట. ముందుగా దూరం పెట్టాల్సినవి చెప్తాను. మెత్తటి పీవీసీలో థాలేట్లు, అంటే ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే హానికర రసాయనాలు, ఉండవచ్చు. సహజ రబ్బరు లేటెక్స్ కొందరికి ప్రమాదకరమైన ఎలర్జీ తెస్తుంది. ఫ్లోరోఎలాస్టోమర్ (ఫ్లోరిన్ ఉన్న కృత్రిమ రబ్బరు) బ్యాండ్లు చూడ్డానికి ఖరీదుగా, మరకలంటకుండా ఉంటాయి. కానీ 2024లో అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 వాచ్ బ్యాండ్లు పరీక్షించి, ఆ రకం బ్యాండ్ల నుంచి పీఎఫ్‌హెచ్ఎక్స్ఏ అనే శాశ్వత రసాయనం గణనీయంగా బయటికి రాగలదని చూపించారు. అది మట్టిలోనూ నీటిలోనూ విరగని పీఫాస్ కుటుంబంలోది. ఒంటికీ నేలకూ రెండింటికీ చేటే.

సిలికోన్ వాడితే ప్లాటినంతో గట్టిపడే రకం తీసుకోండి, పెరాక్సైడ్ రకం వద్దు. పెరాక్సైడ్ రకంలో మిగులు పదార్థాలుంటాయి. సొంతంగా పోత పోసేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. గంధకం, తగరం సమ్మేళనాలు, అమైన్లు, సరిగా గట్టిపడని త్రీడీ ప్రింట్ రెజిన్ తగిలితే ప్లాటినం సిలికోన్ గట్టిపడదు. లేటెక్స్ గ్లౌజులతో కలిపినా అంతే. పైన వేలు పెడితే బంకబంకగా ఉందంటే లోపల కూడా ప్రతిచర్య పూర్తికాలేదని లెక్క, ఆ పట్టీ ఎవరి చేతికీ కట్టకండి. రెండోది, గట్టిపడ్డాక మళ్లీ వేడి చేయాలి. తయారీదారు సూచించే ఉష్ణోగ్రతలో, చాలా రకాలకు 200 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు, గాలి ఆడే ఓవెన్‌లో ఉంచితే లోపల మిగిలిన తేలిక సైలాక్సేన్‌లు ఎగిరిపోతాయి. వాటిలో డీ4, డీ5, డీ6 అనేవాటిని యూరప్ 2018లోనే తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఈ పని చేసే ఓవెన్‌లో వంట చేయకూడదు.

స్నానాల గదుల్లో వాడే సీలెంట్‌తో సెన్సర్ అంచులు మూసేవారిని చూశాను. దయచేసి వద్దు. పుల్లటి వాసన వచ్చేవాటి నుంచి వెలువడే అసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది, బూజు పట్టకుండా వాటిలో కలిపే మందులు చర్మానికి పడవు.

సిలికోన్ ఒంటికి మంచిదే గానీ కరిగించి మళ్లీ వాడలేం. టీపీయూని కరిగించి మళ్లీ పోత పోయవచ్చు. అందుకే ఒక్క మనిషికి మూడు నాలుగు నెలలు ఇచ్చే పట్టీకి నేను వైద్య శ్రేణి టీపీయూ వైపు మొగ్గుతాను, రంగు వేయనిది. మాసినట్టు కనిపిస్తుందని కొందరు నల్లరంగు అడుగుతారు. అడిగినా సరే, ఒక పదార్థం తగ్గితే ఒక అనుమానం తగ్గుతుంది. బట్ట పట్టీలైతే, బట్టల్లో హానికర పదార్థాలు పరీక్షించే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100లో చర్మాన్ని తాకే రెండో తరగతి ధ్రువపత్రం ఉందో లేదో చూడండి.

నాలుగో మెట్టు: జిగుర్లు, రెజిన్లు

ఇక జిగురు గీత. 2014 మార్చిలో ఫిట్‌బిట్ ఫోర్స్ అనే చేతిపట్టీని అమెరికాలో సుమారు 10 లక్షల దాకా వెనక్కి పిలిచారు. స్టీల్ తొడుగు, పట్టీలో వాడిన పదార్థాలు, అతికించడానికి వాడిన జిగుర్లు ఎలర్జీ దద్దుర్లకు కారణం కావచ్చని ప్రకటనలో చెప్పారు. ఆ తర్వాత గ్లూకోజ్ సెన్సర్లు ఒంటికి అతికించుకునేవారిలో దద్దుర్లు కనిపిస్తుంటే, చర్మవైద్యులు వెతికి వెతికి ఐసోబోర్నిల్ అక్రిలేట్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. దాన్ని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2020కి "ఆ ఏటి ఎలర్జెన్"గా ప్రకటించింది. అది ఒంటికి అంటుకునే ప్యాచ్‌లోదే కానక్కర్లేదు, ప్లాస్టిక్ తొడుగు భాగాలను కలిపే జిగురు నుంచి కూడా నెమ్మదిగా చర్మం వరకు ప్రయాణించగలదు. మొదటి మెట్టులో పసుపు రంగు ఎందుకు వేయమన్నానో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

అక్రిలేట్లు పూర్తిగా గట్టిపడితే పెద్దగా హాని చేయవు, గట్టిపడకుండా మిగిలిన మోనోమర్లతోనే, అంటే ఇంకా ఒకదానితో ఒకటి కలవని చిన్న అణువులతోనే, చిక్కు. కాబట్టి ఎరుపు, పసుపు చోట్లలో ద్రవ రెజిన్‌తో ముద్రించిన త్రీడీ భాగాలు పెట్టకండి. ఎంత కడిగినా, ఎంత అతినీలలోహిత కాంతి కింద ఉంచినా లోపల మోనోమర్ మిగలలేదని ఇంట్లో నిరూపించలేం. వైద్య శ్రేణి రెజిన్‌కు కూడా దాని తయారీదారు చెప్పిన యంత్రం, కడిగే పద్ధతి, సమయం పాటిస్తేనే ఆ పేరు వర్తిస్తుంది. తీగ కరిగించి పొరలుగా వేసే ప్రింటర్ భాగాలకు ఈ బాధ లేదు గానీ, పొరల మధ్య గాళ్లలో చెమట, మట్టి, క్రిములు చేరతాయి. వాటిని లోపలి చట్రానికి వాడుకుని, చర్మం వైపు నున్నటి అచ్చు భాగం పెట్టుకోండి.

అసలు జిగురు లేకుండా చేయడమే నా సలహా. నాలుగు చిన్న స్క్రూలు, ఒక సిలికోన్ గాస్కెట్ ఉంటే మూత బిగుస్తుంది, ఊడుతుంది, మరమ్మతుకూ వస్తుంది. ఒంటికి అంటించక తప్పని చోట, ఉదాహరణకు ఛాతీ సెన్సర్‌కు, సిలికోన్ జిగురు ప్యాచ్‌లు తీసుకోండి. అక్రిలిక్ కన్నా మెల్లగా ఊడతాయి, చర్మం పొరను లాగవు. జిగురులో కొలొఫొనీ, అంటే గుగ్గిలం లాంటి చెట్టు జిగురు, ఉందేమో అడగండి. అదీ పేరున్న ఎలర్జీ కారకమే.

ఐదో మెట్టు: లోపలి బోర్డు

ఇది ఆకుపచ్చ ప్రాంతం, చర్మానికి దూరం. ఇక్కడ చూడాల్సింది ముఖ్యంగా పర్యావరణం. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసింది, అందులో లెక్క ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమేనని గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ చెప్పింది. చిన్న పరికరాలే సులువుగా చెత్తబుట్టలోకి జారిపోయేవి.

సోల్డర్ సీసం లేనిదే వాడండి. తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం ఉన్న మిశ్రమం ఎక్కడైనా దొరుకుతుంది, 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. తగరం-బిస్మత్ మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది, వేడి, విద్యుత్తు రెండూ ఆదా. అయితే పెళుసు, కాబట్టి వంగే బోర్డు మీద వద్దు. ఎలక్ట్రానిక్స్‌లో ప్రమాదకర పదార్థాలకు హద్దు పెట్టే యూరప్ రోస్ ఆదేశం ప్రకారం సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. 2019 జులై 22 నుంచి నాలుగు థాలేట్లు కూడా ఆ జాబితాలో చేరాయి, వైద్య పరికరాలకు 2021 నుంచి. సోల్డర్ చేశాక ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసే పదార్థం) మరకలు కడిగేయండి, మూత అంచుల్లోంచి చెమట చేరితే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

బోర్డుకు మామూలుగా వాడే ఎఫ్ఆర్4 గాజునార, ఎపాక్సీ. మంట అంటుకోకుండా బ్రోమిన్ సమ్మేళనం కలుపుతారు. బ్రోమిన్, క్లోరిన్ ఒక్కోటి 900 పీపీఎం (పది లక్షల భాగాల్లో 900) లోపు, రెండూ కలిపి 1500 లోపు ఉన్న హాలోజెన్ రహిత బోర్డు అడిగితే చాలామంది తయారీదారులు ఇస్తారు. ఇంకో అడుగు వేస్తే సాల్యుబోర్డ్ ఉంది. బ్రిటన్‌లోని జీవా మెటీరియల్స్ సహజ నారతో చేసినది, వేడినీళ్లలో ముంచితే పొరలు విడిపోయి భాగాలు చేతికి వస్తాయి. 2023లో ఇన్ఫినియన్ తన డెమో బోర్డులకు దాన్ని తీసుకుంది. ఆసక్తిగా గమనిస్తున్నాను. కానీ రోజూ చెమట తగిలే పరికరానికి నేను ఇంకా హాలోజెన్ రహిత గాజునార బోర్డే వాడుతున్నాను. ఐదేళ్లు నలుగురికి పనికొచ్చే మామూలు బోర్డు, ఆరు నెలలకు పాడైన పర్యావరణహిత బోర్డు కన్నా మేలు అని నా లెక్క. చిన్న పరికరాల్లో పర్యావరణ భారమంతా ఎక్కువగా చిప్పుల తయారీలోనే పడిపోతుంది, కాబట్టి ఆ చిప్పుల చేత ఎంతకాలం పని చేయిస్తామన్నదే ముఖ్యం.

ఇదే సందర్భంలో పీఎల్ఏ, అంటే మొక్కల పిండిపదార్థం నుంచి చేసే ప్లాస్టిక్, గురించి. "మట్టిలో కలిసిపోయే" తొడుగు అని అమ్ముతుంటారు. అది కుళ్లాలంటే సుమారు 58 డిగ్రీల వేడిలో నడిచే పారిశ్రామిక కంపోస్టు కావాలి. పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మట్టిలో కలిసేది కాబట్టి ఒంటికి మంచిదన్న లెక్క కూడా లేదు, అందులో కలిపిన రంగు, మెత్తదనానికి వేసిన మందు ఏమిటో తెలియాలి.

ఆరో మెట్టు: బ్యాటరీ, కరెంటు, వేడి

ముందుగా ఒక్క నియమం: ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు పరికరం కొలతలు తీయకూడదు, ఒంటి మీద ఉండకూడదు. ఇది సూచనల కాగితంలో రాస్తే చాలదు. ఛార్జింగ్ పిన్నులను చర్మం వైపే పెట్టండి, చేతి నుంచి తీస్తేగానీ ఛార్జర్ తగలదు. పాడైన చౌక ఛార్జర్ నుంచి మెయిన్స్ కరెంటు ఎలక్ట్రోడ్ దాకా వచ్చే దారి అప్పుడు ఉండదు. వైద్య విద్యుత్ పరికరాల ప్రమాణం ఐఈసీ 60601-1, చర్మానికి తగిలే బీఎఫ్ రకం భాగాల నుంచి మామూలు స్థితిలో 100 మైక్రోయాంపియర్లకు మించి ఏసీ లీకేజీ రానివ్వదు. అదే ప్రమాణం పది నిమిషాలకు మించి తాకే భాగానికి 43 డిగ్రీల హద్దు పెట్టింది. వేడి పుట్టించని పరికరమైనా, దుప్పటి కింద చెయ్యి ఉన్నప్పుడు ఒకసారి థర్మామీటరు పెట్టి చూడండి.

లిథియం పాలిమర్ సెల్ కొంటే రక్షణ సర్క్యూట్ ఉన్నది, ఐఈసీ 62133-2, యూఎన్ 38.3 అనే బ్యాటరీ భద్రతా పరీక్షల పత్రాలున్నది తీసుకోండి. 4.2 వోల్టుల దాకా కాకుండా 4.1 దగ్గర ఆపితే సెల్ ఆయుష్షు పెరుగుతుంది. రోజుకు గంట వాడే పరికరానికి ఆ కాస్త తగ్గినా ఇబ్బంది లేదు. సెల్‌ను బోర్డుకు సోల్డర్ చేయకుండా కనెక్టర్‌తో కలపండి. యూరప్ బ్యాటరీ నిబంధన 2023/1542 ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, పోర్టబుల్ బ్యాటరీలు వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి.

నాణెం సెల్ వాడితే మూతకు స్క్రూ తప్పనిసరి. ఇంట్లో పసిపిల్లలు ఉండవచ్చు. మింగిన సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు.

ఏడో మెట్టు: మీ ఒంటి మీద, తరువాత నలుగురి ఒంటి మీద

ఎవరికైనా పంపేముందు మీరు పెట్టుకోండి. ఒక రోజు సరిపోదు. ఒంటికి కొత్తగా ఎలర్జీ పుట్టడానికి కనీసం 10 నుంచి 14 రోజులు పడుతుంది, అప్పటికే అలర్జీ ఉన్నవారికి 48 నుంచి 72 గంటల్లో బయటపడుతుంది. అందుకే నేను మూడు వారాలు పెట్టుకుంటాను, రోజుకో ఫొటో, ఒకే వెలుతురులో. తరువాత ఒప్పుకున్న నలుగురైదుగురి చేత పెట్టిస్తాను. ఐదుగురికి ఏమీ కాలేదంటే అందరికీ ఒంటికి పడుతుందని కాదు. ఒక్కరికి దద్దురు వస్తే మాత్రం ఆగి చూడాల్సిందే.

మంటకూ ఎలర్జీకీ తేడా కనిపెట్టడం నేర్చుకోండి. పట్టీ కింద చెమట, సబ్బు నురుగు నిలిచి వచ్చే మంట సాధారణంగా పట్టీ హద్దులోనే ఉండి, ఒకటి రెండు రోజులు తీసేస్తే తగ్గుతుంది. ఎలర్జీ దురదతో వస్తుంది, అంచులు దాటి పాకుతుంది, తీసినా రోజుల తరబడి ఉంటుంది, మళ్లీ పెట్టుకుంటే ఈసారి త్వరగా వస్తుంది. తేల్చి చెప్పాల్సింది ప్యాచ్ టెస్ట్ చేసే చర్మవైద్యులే.

ఎనిమిదో మెట్టు: థెరపిస్టుకు, పెట్టుకునేవారికి

పరికరంతో పాటు ఒక కార్డు పంపండి. చర్మాన్ని తాకే ప్రతి భాగం పేరు, అది దేనితో చేసిందో మామూలు మాటల్లో రాయండి: "బకిల్: టైటానియం. పట్టీ: రంగు వేయని టీపీయూ. ఎలక్ట్రోడ్: వెండి, వెండి క్లోరైడ్." దద్దురు వస్తే వైద్యుడికి ఆ కార్డు చూపితే చాలు. "వైద్య శ్రేణి పదార్థాలు" అని మాత్రమే రాసిన కార్డుతో ఆయనేం చేయగలరు?

పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. రోజూ చెయ్యి మార్చి పెట్టుకోవాలి. స్నానానికి తీయాలి, చెయ్యి పూర్తిగా ఆరాకే పెట్టుకోవాలి. తుడవడానికి టీపీయూ, సిలికోన్ పట్టీలకు ఘాటు లేని సబ్బునీళ్లు, తరువాత మంచినీళ్లు. ఎలక్ట్రోడ్లకు మంచినీళ్లే. తొడుగు పాలికార్బొనేట్‌ది అయితే పదే పదే ఆల్కహాల్‌తో తుడిస్తే స్క్రూల దగ్గర పగుళ్లు వస్తాయి, ఆ సంగతి కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

ఇక థెరపిస్టులకు నా విన్నపం. సెషన్ మొదట్లో "పట్టీ ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు. "ఒకసారి తీసి, కింద చర్మం చూసి చెప్పండి, ఎరుపు గానీ దురద గానీ ఉందా?" అని అడగండి. కెమెరాకు చూపించమని బలవంతం చేయకండి, మణికట్టు చూపించడం అందరికీ ఒకేలా ఉండదు. ఏ మాత్రం ఇబ్బంది ఉన్నా ఆ క్షణం నుంచే ఆపేయాలి. ఒక వారం కొలతలు పోతే పోనీ. పరికరం తీసేయడం వారి తప్పు కాదనీ, థెరపీ దానివల్ల వెనకబడదనీ వారికి స్పష్టంగా చెప్పాలి. వైద్య ప్రయోజనం ఉన్నట్టో, రోగం నయం చేస్తుందన్నట్టో మీరు చెప్పదలిస్తే అది చట్టం దృష్టిలో వైద్య పరికరం అవుతుంది, మీ దేశపు నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా ఆ మాట అనకండి.

చివరికి, తిరిగి రావడం. పంపేటప్పుడే వెనక్కి పంపే కవరు పెట్టండి. లోపలి మాడ్యూల్ వచ్చాక మొట్టమొదట అందులోని రికార్డింగులు చెరిపేయండి, అది ఒకరి మనసు తాలూకు లెక్క. తరువాత స్క్రూలు తీసి గాస్కెట్ మార్చండి, బ్యాటరీ సామర్థ్యం కొలవండి, తొడుగు కడగండి. గుళిక ఎలక్ట్రోడ్లు నానబెట్టి క్రిమిరహితం చేసి చూడండి, కొలత జారుతుంటే వెండి రికవరీకి విడిగా దాచండి. పట్టీలు ఒకచోట చేర్చి, టీపీయూ అని రాసిన డబ్బాలో వేయండి. కొత్త పట్టీ, కొత్త కార్డు పెట్టి మాడ్యూల్‌ను తరువాతి మనిషికి పంపండి.

ఆవిడకు మేం టైటానియం మూత, వెండి క్లోరైడ్ గుళికలున్న వేలి సెన్సర్ పంపాం. మణికట్టు మానడానికి ఆరు వారాలు పట్టింది. పట్టీ మళ్లీ కట్టుకోమని మేం అడగలేదు.